మా చెరకు చేలో మంచునది

భూగోళం పాఠం విని నేను మా నాన్నను సోమరిపోతు అన్నాను. ఇది ముందే ఒప్పేసుకుంటే తర్వాత చెప్పబోయేది తేలికవుతుంది.

అప్పుడు నాకు పద్నాలుగేళ్లు. మా ఊరు బ్రిజే వెర్దియేర్‌లో బస్సెక్కి ఫ్లాక్‌లోని కాలేజీకి వెళ్లేదాన్ని. మా దీవిలో హైస్కూలునే కాలేజీ అంటారు. కాబట్టి నేనేదో పెద్ద చదువు వెలగబెడుతున్నానని అనుకోకండి, మూడో ఫారం అంతే. మా భూగోళం పుస్తకం లండన్‌లో అచ్చయింది. అందులో ఒక అధ్యాయం ప్రకారం వేడి దేశాల వాళ్లకు ఎండ వల్ల ఒంట్లో చురుకుదనం ఉండదు. చలి దేశాల వాళ్లకు చలి వల్ల ఊరికే కూర్చోబుద్ధి కాదు. ఈ జ్ఞానం తలకెక్కిన శనివారం మధ్యాహ్నం నాన్న వసారాలో చాప మీద, మొహం మీద టోపీ బోర్లించుకుని నిద్రపోతున్నాడు. తెల్లవారకముందే లేచి చెరకు కొట్టి వచ్చాడని నాకు తెలుసు. కానీ ఆ సంగతి పుస్తకంలో లేదు.

“నాన్నా, నీ తప్పేం లేదు. నీ అక్షాంశమే అలాంటిది,” అన్నాను జాలిగా.

“అదెక్కడుంటుంది? కడుపులోనా?” అన్నాడు టోపీ కింద నుంచి.

“భూమి మీద. మనం ఉష్ణమండలంలో ఉన్నాం. అందుకే సోమరిపోతులం.”

నాన్న తల్లి, మా మామ్మ, పక్కనే కూర్చుని ఆకుకూర తుంపుతోంది. “ఆయో, అయితే రేపట్నించి కోతకి ఆ లండన్ పుస్తకాన్నే పంపిద్దాం,” అంది. నాన్న టోపీ కింద నవ్వు వినబడింది. నాకు ఒళ్లు మండిపోయింది.

మా ఇంట్లో మాట్లాడేది దీవి భాష, క్రియోల్. చెరకు పనికి ఓడలెక్కి వచ్చిన పెద్దలు తెచ్చిన తెలుగు అంటే మాకు వరసలు పెట్టి పిలుచుకోవడం, గుళ్లో భజనలు, పండగ పాటలు. మామ్మ ఒక్కతే కోపమొచ్చినా, ఏదైనా లెక్కపెట్టినా తెలుగులోకి దిగేది. వాళ్ల మాటలు ఇక్కడ తెలుగులో పెట్టింది నేనే, అక్కడక్కడ క్రియోల్ ముక్కలు మాత్రం తియ్యబుద్ధి కాక వదిలేశాను.

భూగోళం చెప్పే సార్‌కు పాతికేళ్లు కూడా ఉండవు. సుయాక్‌లో పుట్టి పెరిగారు, ఫ్లాక్‌లో గది తీసుకుని ఉండేవారు. ఎంత ఎండలోనైనా టై విప్పేవారు కాదు. ఆయన కూడా దీవి దాటి అడుగు పెట్టలేదు, కానీ మంచు గురించి చెప్పేటప్పుడు ఇప్పుడే మంచులోంచి నడిచి వచ్చినట్టు చేతులు రుద్దుకునేవారు. మంచు ఎలా కురుస్తుందో చూపించడానికి రెండు డస్టర్లు తీసుకుని స్కాట్లాండ్ పటం పైన టపటపా కొట్టేవారు. తెల్లటి సుద్దపొడి స్కాట్లాండ్ మీద, దాంతోపాటు మా ముందు బెంచీ మీద మెల్లగా పడేది. మంచు కురిస్తే దగ్గొస్తుందని చాలాకాలం నమ్మాను.

ఏడాదికి నాలుగు రుతువులని మామ్మకు పాఠం చెప్పబోయాను. మామ్మ లెక్కలో ఉన్నవి రెండే, చెరకు కోత ఉండే కాలం, కోత లేని కాలం.

“మరి సిక్లోన్‌ని ఎందులో పెట్టారు?” అంది.

పుస్తకం వెనక అకారాది పట్టికంతా వెతికాను. తుపాను అక్కడ లేదు. “వాళ్లకి ఉండదు మామ్మా,” అన్నాను.

“అయితే సామాన్లు సర్దు. ఆ పుస్తకంలోకే కాపురం మార్చేద్దాం,” అంది.

నవ్వులాటగా చెబుతున్నాను కానీ, ఆ పుస్తకం మా బుర్రల్లో చేసిన పని తక్కువేం కాదు. అసలైన నది థేమ్స్. మా ఊరి వెనక పారేది బట్టలు ఉతుక్కునేది. అసలైన పొలమంటే గోధుమ చేను, గొర్రెలు, చుట్టూ పొదల కంచె. మాది ఊరికే చెరకు. ఆ రోజుల్లో ఏ దుకాణం ముందు నలుగురు నిలబడినా ఇంగ్లీషువాళ్ల నుంచి మా దీవికి స్వతంత్రం కావాలా వద్దా అనే వాదన. ఒకరోజు మా క్లాసులోనూ అదే మొదలైంది. బాన్ అక్యూయ్ నుంచి వచ్చే దుకాణదారు కూతురు ఒకామె ఉండేది, క్లాసులో నాకు పోటీ. ఆమె లేచి నిలబడి, “మనకి బొగ్గు లేదు, ఇనుము లేదు, ఉన్నది ఒక్క పంట. పుస్తకంలో దేశం కావడానికి కావలసినవన్నీ రాశారు. మన దగ్గర వాటిలో ఒక్కటీ లేదు,” అని కూర్చుంది. మనిషితో అయితే దెబ్బలాడతాం, అచ్చయిన పేజీతో ఎవరు దెబ్బలాడతారు?

నాకు సిగ్గుగా ఉండేది. ఆ పుస్తకంలో ఉన్న ఒక్క బొమ్మయినా మా ఊళ్లో కనబడితే చాలని ఎంత ఆశపడ్డానో చెప్పలేను.

ఇంతలో ఇంట్లో యుద్ధం మొదలైంది. మూడో ఫారం అయ్యాక నన్ను మాన్పించాలని నాన్న నిర్ణయించాడు. పొలంలో చేతులు తక్కువ, ఆడపిల్లకు ఈ చదువు చాలు అన్నాడు. మామ్మ ససేమిరా అంది. రెండు వారాలు తల్లీకొడుకులకు మాటల్లేవు. అమ్మ ఇద్దరికీ చెరోచోట అన్నం పెట్టి, ఏ పక్కా మాట్లాడకుండా వంటింట్లోకి తప్పుకునేది. చివరికి నాన్న ఒక మెట్టు దిగాడు. “ఒక్క సబ్జెక్టులో ఫస్ట్ రానీ, పై ఫారానికి పంపుతా. రాకపోతే ఇంట్లోనే,” అన్నాడు. మా నాన్న ఒక మాట అన్నాడంటే తుపాను కూడా దాన్ని కదపలేదు.

నాకు ఫస్ట్ వచ్చే ఆశ ఉన్నది భూగోళంలోనే. రాత పరీక్షలో నాకూ బాన్ అక్యూయ్ అమ్మాయికీ సమానంగా మార్కులొచ్చాయి. ఇక మిగిలింది ఏడాది చివర ప్రదర్శన. ఒక్కొక్కరు ఒక భూరూపాన్ని ఎంచుకుని, బొమ్మ గీసి, కింద మూడు గళ్లు నింపాలి. భూరూపం పేరు, దాన్ని తయారుచేసిన కారకం, అందుకు ఆధారాలు. సొంత ఊళ్లోదైతే మరీ మంచిదన్నారు. ప్రిన్సిపాల్ స్వయంగా చూసి మార్కులేస్తారు, ఇంట్లోవాళ్లూ వచ్చి చూడొచ్చు. అందులో ఎవరు గెలిస్తే వాళ్లే సబ్జెక్టులో ఫస్ట్.

అదే వారం సార్ మంచునదుల పాఠం చెప్పారు. మంచునది కొండల మీంచి మెల్లగా జారుతూ దారిలో దొరికిన రాళ్లన్నీ మోసుకొస్తుందట. కరిగిపోయేటప్పుడు వాటిని కుప్పగా వదిలేసి పోతుందట. ఆ కుప్పను మొరెయిన్ అంటారు. పుస్తకంలో ఫొటో ఉంది. ఆ ఫొటో చూసి బెంచీ మీంచి లేచిపోయాను. అది మా ఇంటి వెనక ఉంది!

మా చెరకు చేలో నడిమధ్య నల్లరాళ్ల కుప్ప ఒకటుంది. ఇంటికంటే ఎత్తు, పైన తీగలు అల్లుకుని, పక్కలో ఒక జామచెట్టు మొలిచి ఉండేది. మా ఊళ్లోనే కాదు, దీవిలో ఏ చెరకు తోటలో చూసినా అలాంటి కుప్పలు వరసగా ఉంటాయి. అవి ఎలా వచ్చాయని ఇంట్లో ఎప్పుడూ అడగలేదా అంటే, లేదు. నేను పుట్టేసరికే ఉంది, దాని మీద జామకాయలు కోసుకు తిన్నాను. ఆకాశం ఎవరు పెట్టారని మాత్రం ఎవరిని అడిగాను కనక? పెద్దవాళ్లు కూడా దాని ఊసెప్పుడూ ఎత్తలేదు.

పుస్తకం చేత్తో పట్టుకుని కుప్ప చుట్టూ తిరిగాను. మంచునది మోసిన రాళ్ల మీద గీతలుంటాయని రాశారు. గీతలున్నాయి! మంచునది వెనక్కి తగ్గేటప్పుడు ఆగి ఆగి తగ్గుతుందని రాశారు. మా కుప్పకు ఒక పక్క మెట్లు మెట్లుగా ఉంది, అంటే ఆగి ఆగి తగ్గిందన్నమాట. చిన్న రాళ్లూ పెద్ద రాళ్లూ ఒకేచోట ఉంటాయని రాశారు. ఉన్నాయి. పెద్దవన్నీ కింద, చిన్నవన్నీ పైన ఎవరో సర్దినట్టు ఎందుకున్నాయని ఒక్క క్షణం అనుమానం వచ్చింది కానీ, అంత ఆనందంలో అనుమానాన్ని ఎవరు లెక్కచేస్తారు!

సార్‌కు చూపించాను. ఆయన నా కాగితం రెండుసార్లు చదివారు. “భూరూపం: మొరెయిన్. కారకం: మంచు.” కిటికీలోంచి బయటికి చూసి, “మనకీ ఒకటుంది,” అన్నారు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మమ్మల్ని లోపలికి రానివ్వని పుస్తకంలోకి మా ఇంటి వెనక నుంచే దారి దొరికిందని ఇద్దరికీ అనిపించింది. నా కాగితాన్ని నడిమి బల్ల మీద పెట్టిస్తానన్నారు.

ప్రదర్శనకు ముందురోజు సాయంత్రం ఎత్తు కొలవడానికి దారపు ఉండతో కుప్ప ఎక్కాను. మామ్మ మరుసటి రోజు కట్టుకుని రావడానికి తెల్లచీరకు గంజిపెట్టి దండెం మీద ఆరేస్తోంది. నన్ను చూసి కుప్ప దగ్గరికొచ్చింది.

“అక్కడేం పని, టీఫీ?” అంది, పిల్లా అన్నట్టు.

“మామ్మా, ఇది ఎలా వచ్చిందో తెలుసా? ఐసు మోసుకొచ్చింది!”

“లాగ్లాసా?” అంది మామ్మ. “చీనావాడి దుకాణంలో రంపపు పొట్టులో పెట్టి అమ్ముతాడే, ఆ లాగ్లాసా?”

“అదే. కానీ కొండంత ఉంటుంది. వేల ఏళ్ల కిందట.”

మామ్మ నవ్వింది. నవ్వి నవ్వి దగ్గొచ్చి, ఒక రాయి పట్టుకుని వంగిపోయింది. నేను ఒంటికాలి మీద లేచాను. గీతలు చూపించాను.

“అవి మీ తాత గునపానివి,” అంది.

“మరి మెట్లు?”

“నెత్తి మీద తట్ట పెట్టుకుని ఎక్కొద్దా? ఎగిరి వెయ్యాలా?”

“పెద్ద రాళ్లు కిందే ఎందుకున్నాయి?”

“అవి మగాళ్లు దొర్లించినవి. పైవన్నీ ఆడాళ్లం తట్టల్లో మోసినవి.” నవ్వు ఎప్పుడు ఆగిపోయిందో నేను గమనించలేదు. మామ్మ తెలుగులోకి దిగింది. “ఇదంతా అప్పుడు దొర తోట. దున్నిన ప్రతిసారీ రాళ్లే పైకొచ్చేవి. గోనెసంచి నడుముకి చుట్టుకుని, మీ నాన్నని ఆ నీడలో పడుకోబెట్టి ఎక్కేదాన్ని. లాభం, రెండు, మూడు అని తట్టలు లెక్కపెట్టేవాళ్లం. మొదటిదాన్ని ఒకటి అనకూడదు కదా, లాభం అనాలి. చీకటి పడే వేళకి నోరు ఎండిపోయేది. లాగ్లాస్ చేసిందట! నా నడుముని అడుగు, ఎవరు చేశారో చెబుతుంది.”

ఆ మాటకు నాకు సిగ్గు రావాలి. రాలేదు, కోపం వచ్చింది. ఫస్ట్ చెయ్యి జారిపోతోందని భయమేసింది. మామ్మ మోసిన రాళ్లకు మార్కులు రావు, మంచు మోసిన రాళ్లకు వస్తాయి, అంతే నాకు తెలిసింది.

“ఇది ఎవరికీ చెప్పకు మామ్మా. నాన్నకి కూడా. రేపు నువ్వు రాకు,” అన్నాను.

మామ్మ నా మొహం కేసి చూసింది. “సరేలే, చెప్పను,” అంది. దండెం మీంచి తడి ఇంకా ఆరని చీర తీసి, నాలుగు మడతలు పెట్టి లోపలికి తీసుకెళ్లింది. ఆ మడతలు నాకు ఇప్పటికీ కనబడతాయి.

మరుసటి రోజు నాన్న ఒక్కడే వచ్చాడు. పెళ్లిళ్లకు వేసుకునే కోటు వేసుకుని, తలకు నూనె రాసుకుని, గోడ పక్కన నిలబడ్డాడు. “మీ మామ్మకి మోకాళ్లు నొప్పట,” అన్నాడు. నడిమి బల్ల మీద నా బొమ్మ, పక్కనే ఆధారంగా కుప్ప మీంచి తెచ్చిన గీతల రాయి. పక్క బల్ల మీద బాన్ అక్యూయ్ అమ్మాయి థేమ్స్ నది చేసి పెట్టింది. దూదితో గొర్రెలు కూడా పెట్టింది. ఆ గొర్రెలు బాగున్నాయని ఇన్నేళ్ల తర్వాత ఒప్పుకుంటున్నాను.

ప్రిన్సిపాల్ వచ్చారు. వెనకే సార్, టై మరింత బిగించుకుని. ప్రిన్సిపాల్ కళ్లద్దాలు సర్దుకుని నా కాగితం చూసి, “కారకం ఏమిటి?” అన్నారు.

వారం రోజులుగా అద్దం ముందు వల్లెవేసిన జవాబు నాలుక మీదే ఉంది. చెయ్యి రాయి మీద పెట్టాను. గీతలో నా వేలు సరిగ్గా ఇమిడింది. అది గునపం మొన పడిన గాడి. మా తాతను నేను చూడలేదు, నేను పుట్టకముందే పోయాడు. ఆయన చేతిపని ముట్టుకోవడం అదే మొదటిసారి అని అప్పుడు తట్టింది. లోపల పెట్టెలో తడిగా మడతపెట్టిన చీర గుర్తొచ్చింది.

“మా మామ్మ, సర్,” అన్నాను.

“ఏమిటీ?”

“మా మామ్మా, మా తాతా. ఇది మంచు చేసింది కాదు.” కలం తీసి ‘మంచు’ కొట్టేసి, పైన రాశాను. ఇంగ్లీషులో మామ్మకు అక్షరాలు ఎక్కువ, గడిలో పట్టక పక్క గడిలోకి పోయింది.

ప్రిన్సిపాల్ తల తిప్పి మా సార్ కేసి చూశారు. సార్ తన టై కేసి చూసుకున్నారు. “అమ్మాయీ, కారకాలు అయిదు,” అన్నారు ప్రిన్సిపాల్ ఓపిగ్గా. “గాలి, నది, మంచు, సముద్రం, అగ్నిపర్వతం. సిలబస్‌లో మామ్మ లేదు.”

“కానీ కుప్ప ఉంది కదా సర్?” అన్నాను. నా నోటికి మొదటినుంచీ తాళం లేదు.

ఆయన దగ్గినట్టు చేసి, ఏదో రాసుకుని, గొర్రెల దగ్గరికి వెళ్లిపోయారు. నాకు రెండో స్థానం వచ్చింది.

సార్ తిడతారని ఎదురుచూశాను. అందరూ వెళ్లాక వచ్చి ఆ రాయి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పారు. “సుయాక్ దగ్గర మా అమ్మ కూడా ఇవే మోసింది,” అన్నారు. “చిన్నప్పుడు నేను అన్నం క్యారేజీ పట్టుకెళ్లేవాణ్ని. నీ కాగితం చదివినప్పుడు ఆ సంగతి నాకు గుర్తే రాలేదు చూడు.” రాయిని జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, డస్టర్లు తీసుకుని బోర్డు తుడవసాగారు.

రాయి సంచిలో వేసుకుని, బస్సులో నాన్న పక్కన కూర్చున్నాను. బాన్ అక్యూయ్ దాటాక ఆయన అడిగాడు.

“ఎన్నోది వచ్చింది?”

“రెండు.”

“నేను ఫస్ట్ అన్నాను.”

“తెలుసు.”

“అక్కడ కొట్టేసి ఏం రాశావు?” అన్నాడు.

“మామ్మ అని.”

నాన్న కిటికీ వైపు తిరిగాడు. కోత సగమైన చేలు, మధ్యలో నల్లటి కుప్పలు, బస్సుతోపాటు ఒకటొకటిగా వెనక్కి పోతున్నాయి. ఆ మాటకు ఏడ్చాడో లేదో నాకు తెలియదు, నా వైపు మాత్రం తిరగలేదు. అలాగే బయటికి చూస్తూ, “ఆ కుప్ప ఎవరు పేర్చారు?” అన్నాడు.

“తెలీదు.”

“దాని పక్కది?”

“తెలీదు నాన్నా.”

“ఇన్ని తెలీదు అంటున్నావు,” అన్నాడు విసుగ్గా. “మరి చదువు అయిపోయిందని ఎవరన్నారు నీకు?”

అన్నది ఆయనే. ఆ మాట పైకి అనకుండా ఉండడం ఆ రోజు నేను చేసిన అన్నిటికంటే కష్టమైన పని. తర్వాతి మార్చిలో కాలేజీ మైదానంలో కొత్త జెండా ఎగిరినప్పుడు, నాలుగో ఫారం వరసలో నేనూ ఉన్నాను. బొగ్గూ ఇనుమూ లేకుండానే దేశమైపోయాం. నా పక్కనే నిలబడ్డ బాన్ అక్యూయ్ అమ్మాయి అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది.

ఇంతకీ ఆ సాయంత్రం ఇల్లు చేరేసరికి మామ్మ గుమ్మంలోనే ఉంది. మోకాళ్లు నొప్పన్న మనిషి మమ్మల్ని చూసి గబగబా మెట్లు దిగింది. ఆమే అడిగింది.

“ఎవరు గెలిచారే? నేనా, లాగ్లాసా?”

“నువ్వే మామ్మా,” అన్నాను. “అందుకే నాకు సెకండ్ వచ్చింది.”

మామ్మ నా సంచిలోంచి రాయి తీసుకుని, చేలోకి నడిచి, కుప్పలో దాని చోట దాన్ని పెట్టి వచ్చింది.